జాగ్రత్త బాబాయి

ప్రతి చుట్టరికంలోనూ ఒక జాగ్రత్త బాబాయి ఉంటాడు. ఊరికి బయల్దేరేముందు గ్యాసు కట్టేశారో లేదో మూడుసార్లు చూస్తాడు. వీధితలుపు తాళం పట్టుకుని వేలాడతాడు. సందు మలుపుదాకా వెళ్లి, అనుమానమొచ్చి, వెనక్కొచ్చి మళ్లీ వేలాడతాడు. మామూలు మనుషులు ప్రయాణాల్లో అజాగ్రత్తవల్ల తప్పులు చేస్తారు. బాబాయికి ఆ అవసరం లేదు. ఆయన తప్పులన్నీ జాగ్రత్తలోంచే పుడతాయి.

కాశీ ప్రయాణానికి తొమ్మిది సంచులు కట్టాడు. బొంత, బకెట్టు, చెంబు, చింతపండు, గొడుగు, టార్చిలైటు, అది పాడైతే ఉంటుందని ఇంకో టార్చిలైటు. “కాశీలో బకెట్లుండవా?” అంది పిన్ని. “ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి డేరాలతో, వందమంది పరివారంతో వెళ్లాడు. నేను తొమ్మిది సంచులు పట్టుకెళ్తే తప్పొచ్చిందా?” అన్నాడు. వీరాస్వామయ్యకి బోయీలున్నారు. బాబాయికి పిన్ని ఉంది.

ఆ తొమ్మిదింటిలో ఒక్క స్వెట్టరు లేదు. “చలికాలం మన బెజవాడలో మాత్రం లేదూ?” అన్నాడు. బెజవాడ చలికి మనం ఫ్యాను ఒక నంబరు తగ్గిస్తాం. కాశీలో జనవరి పొగమంచుకి రైళ్లే దారి కనబడక నిలబడిపోతాయి.

టైము దగ్గర ఆయన్ని వేలెత్తి చూపలేం. ఎప్పుడూ గంట ముందే స్టేషన్లో ఉంటాడు. ఒకసారి తిరుపతికి 15వ తేదీ 00:20 బండికి టికెట్టు తీశాడు. 15వ తేదీ రాత్రి తాపీగా భోంచేసి, పదకొండుంబావుకల్లా ప్లాట్‌ఫారం మీదున్నాడు. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందని, ఎక్కాల్సింది 14 రాత్రి నిద్ర మానుకుని అని ఎంక్వైరీలో చెబితే వినడే! “గంట ముందొచ్చినవాణ్ని పట్టుకుని బండి పోయిందంటారా?” అని తగువు. గంట ముందు కాదు, ఇరవైమూడు గంటలు ఆలస్యంగా వచ్చాడు.

ఇక దొంగల సంగతి. కాశీ బండిలో డబ్బు ఐదుచోట్ల దాచాడు. చేతికందే చోటు ఒక్కటీ లేదు. దగ్గరున్నది బనీను లోపలి జేబులో, పిన్నీసు కింద. టీకి డబ్బులివ్వాలంటే చొక్కా విప్పాలి. ఆయన పిన్నీసు తీసేలోపల టీ కుర్రాడు మూడు బోగీలు దాటిపోయాడు. పెట్టెకి గొలుసు చుట్టి, బెర్తు కిందికి తోసి, నొక్కుడు తాళం వేశాడు. తాళంచెవి పోకూడదని ముందే పెట్టెలో భద్రం చేశాడు. బీపీ మాత్రలూ అందులోనే. బల్లార్షా వచ్చేదాకా బోగీలో జనమంతా తలా ఒక పిన్నీసుతో ఆ తాళంతో కుస్తీపట్టారు. అది ఊడకపోయేసరికి, “చూశావా, ఎంత గట్టి తాళమో!” అని పిన్నికేసి గర్వంగా చూశాడు.

ఇంత దొంగల భయమున్న మనిషి, ఎదుటి సీటు కుర్రాడికి అరగంటలో మొత్తం చెప్పేశాడు. ఇంటికి తాళం పెట్టొచ్చామని, తొమ్మిది నిద్రలు చేసిగానీ తిరిగిరామని, పక్కింటివాళ్లు కూడా ఊళ్లో లేరని. కుర్రాడు అడ్రసు అడగలేదు. “బెజవాడ వస్తే దిగు బాబూ” అని బాబాయే గుర్తులతో సహా చెప్పాడు.

టీటీఈ వచ్చాడు. బాబాయి దర్జాగా ఆధారు జిరాక్సులు ఐదు తీశాడు. జిరాక్సు చెల్లదు, ఒరిజినల్ కావాలన్నాడాయన. “ఒరిజినల్ పట్టుకుని రైళ్లలో తిరుగుతారటండీ? పోతే ఎవరిది పూచీ? బీరువాలో పెట్టొచ్చాను.” టికెట్టులో పేరున్నవాళ్లలో ఒక్కరు గుర్తింపు చూపినా చాలు కాబట్టి, పిన్ని చేతిసంచిలోంచి తన కార్డు తీసింది. లేకపోతే ఈ కథ ఇక్కడే దిగిపోయేది.

కాశీకి మొగల్‌సరాయిలో దిగాలని పాతికేళ్లనాడు వాళ్లన్నయ్య చెప్పాడు. బాబాయి ఆ మాట మీదే ఉన్నాడు. 2018లో ఆ స్టేషనుకి పండిత్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు. బండి ఆగింది. సగం బోగీ దిగుతోంది.

“ఏమండీ, ఒకసారి ఎవర్నన్నా అడగండి.”

“అడిగితే కొత్తవాళ్లమని తెలిసిపోదుటే? మోసం చేస్తారు. కూర్చో. బోర్డు మీద ఏముందో కనబడ్డంలా?”

బండి కదిలింది. 90 కిలోమీటర్ల పైచిలుకు పోయాక, బీహారులో బక్సర్ దగ్గర టీటీఈయే దింపాడు. తొమ్మిది సంచుల మధ్య నిలబడి బాబాయి చుట్టూ చూశాడు. “విశ్వామిత్రుడి సిద్ధాశ్రమం ఇక్కడేనంటారు. రాముడు తాటకిని చంపింది ఈ చుట్టుపక్కలే. నీకు చూపిద్దామనే దిగలేదు” అన్నాడు. పిన్ని రామభక్తురాలే గానీ, ఆ క్షణాన మాత్రం తాటకి పక్షం వహించింది.

చివరికి ఎలాగో కాశీ చేరారు. సత్రం గదిలో బకెట్టుంది. మర్నాడు గంగ ఒడ్డున పురోహితుడు, కాశీకి వచ్చినందుకు ఇష్టమైనదేదో ఒకటి వదిలెయ్యాలన్నాడు. బాబాయి కాయల్లోంచి పళ్లల్లోకి, పళ్లల్లోంచి కాయల్లోకి ఆలోచిస్తుంటే పిన్ని చేతులు జోడించింది.

“మీకు పుణ్యముంటుంది, ఆ జాగ్రత్త వదిలెయ్యండి.”

బాబాయి ఆ చలిలో గజగజలాడుతూ మూడు మునకలేసి వచ్చాడు.

“వదిలేశారా?”

“వదిలేశానే” అన్నాడు తల తుడుచుకుంటూ. “ఒరిజినలే వదిలేశాను. ఎందుకైనా మంచిదని జిరాక్సు ఉంచుకున్నాను.”