పాత కార్ల సారు

పెబ్బేరు సంతకు శనివారం పొద్దున చేరే జనం మూడు రకాలు: ఎడ్లు అమ్మేవాళ్లు, ఎడ్లు కొనేవాళ్లు, ధరలు విని ఊరికి పోయి చెప్పేవాళ్లు. వీళ్లు కాక ఇంకొకాయన వస్తాడు. 44వ జాతీయ రహదారి పక్కన తెల్ల మారుతి ఆపి, ప్యాంటు కాళ్లు పైకి మడిచి, ఎడ్ల మొహం కూడా చూడకుండా నేరుగా వాటి యజమానుల దగ్గరికి నడుస్తాడు.

"అన్నా, మీ ఊర్ల పాత కారేమన్న పడున్నదా? అంబాసిడరో, ఫియటో, జీపో?"

రైతుకు అర్థం కాదు. "కోడెలు మంచియి సారు. నాలుగు పళ్లేసినయి" అంటాడు.

"కోడెలు గాదే, కారు. నడవకపోయినా సరే."

నడవకపోయినా సరే అంటూ బేరానికొచ్చే మనిషిని పెబ్బేరు సంత ఎన్నడూ చూసి ఉండదు. రైతు దళారీ వైపు చూస్తాడు. దళారీ మాత్రం తడబడడు. భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని, కింద వేళ్లు పట్టుకోవడానికి సిద్ధమైపోతాడు. సరుకు ఏదైతే ఆయనకేం?

ఈయన ఒక్కడే అనుకోకండి. బాదేపల్లి మార్కెట్లో కమీషన్ ఏజెంటుగా ఉంటాడు, మిర్యాలగూడలో రైస్ మిల్లు భాగస్తుడిగా ఉంటాడు, నల్గొండలో ప్లాట్లు కూడా అమ్మిపెట్టే ఎల్‌ఐసీ ఏజెంటుగా ఉంటాడు. పాలమూరులో రిటైరైన హెడ్మాస్టరు. నేను పాలమూరాయననే ఎంచుకున్నాను. మిగతావాళ్లకు వేరే పనులున్నాయి, ఈయన తీరిగ్గా మాట్లాడతాడు.

2015 దాకా సారు మామూలు మనిషే. ఆ ఏడు ఫిబ్రవరిలో పారిస్‌లో ఒక వేలం జరిగింది. ఫ్రాన్సు పల్లెల్లో ఒక కుటుంబం షెడ్లలో ఏళ్ల తరబడి వదిలేసిన అరవై దాకా పాత కార్లు బయటపడ్డాయి. అందులో పాత పత్రికల గుట్టల కింద ఒక ఫెరారీ దొరికింది. ఒకప్పుడు సినిమా హీరో అలెన్ డెలాన్ నడిపిన కాలిఫోర్నియా స్పైడర్. కోటీ అరవై లక్షల యూరోల పైన పలికింది. ఈ వార్త పేపర్లో చదివిన రోజు సారు బడిలో పాత రికార్డుల గది తాళం తీయించి, అటెండెన్సు రిజిస్టర్ల గుట్టంతా ఎత్తి చూశాడని అప్పటి అటెండరు చెప్తాడు. కింద ఎలుకలున్నాయి. అయినా నమ్మకం సడలలేదు. ఆనాటి నుంచి ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఆయన తొంగిచూడని కొట్టం లేదు, చేయిపెట్టి కెలకని గడ్డివాము లేదు. గడ్డివాముల్లో కెలికితే ఏమొస్తుందో పల్లెటూరివాళ్లకు తెలుసు. ఒకసారి వచ్చింది కూడా. ఆరోజు సారు పరుగెత్తిన వేగం చూసినవాళ్లెవరూ ఆయన రిటైరైనట్టు నమ్మరు.

అసలు చిక్కు వేరే ఉంది. ఫ్రాన్సులో కాగితాల కింద ఫెరారీలు నిద్రపోతాయేమో గానీ, పాలమూరులో కారుంటే అరిగిందాకా నడుపుతారు. తర్వాత ఇంజన్ మార్చి, అదీ అరిగిందాకా నడుపుతారు. కరువు చూసిన జిల్లాలో ఇనుమును ఊరికే పడేసే అలవాటు ఎలా పుడుతుంది? ఇరుసు టైర్ల ఎడ్లబండికి పోతుంది. కమాన్ పట్టీ కమ్మరి కొలిమిలో గొడ్డలైపోతుంది. వెనక సీటు సర్పంచి ఇంటి అరుగెక్కుతుంది. ఒక రకంగా సారు వెతికే కారు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంది, కాకపోతే ఒక్కచోట లేదు.

సరంజామాకు మాత్రం లోటు లేదు. లప్పం పట్టించారో లేదో చూడడానికి అయస్కాంతం, చాసిస్ నంబరు మీద పెట్టి రుద్దడానికి తెల్ల కాగితం, పెన్సిలు, కొట్టాల్లోకి టార్చిలైటు. వీటన్నిటితో పాటు బామ్మర్ది. బామ్మర్ది ట్రాక్టర్ మెకానిక్. "బావను ఒక్కన్నే పంపకురా, యాడనన్న తుప్పు కొనుక్కొస్తడు" అని అక్క చెప్పింది కాబట్టి వెంట వస్తాడు. సారు ఒక కారును చూసే తీరు సంతలో ఎద్దును చూసే తీరే. ముందు దూరం నుంచి నిలుచున్న తీరు చూస్తాడు. తర్వాత పళ్లు చూసినట్టు బానెట్టు ఎత్తి ప్లగ్గులు చూస్తాడు, గిట్టలు తట్టినట్టు టైర్లు తట్టుతాడు, సుడులు వెతికినట్టు తలుపుల అడుగున తుప్పు వెతుకుతాడు. నడిపించి చూపమనే భాగ్యం మాత్రం ఉండదు.

ఆయనకు ఇంకో గొప్ప విద్య ఉంది. ఏ కారుకైనా వంశం చెప్పగలడు. కృష్ణ ఒడ్డున దొరికితే గద్వాల సంస్థానానిది, నల్లమల వైపు దొరికితే కొల్లాపురం వారిది, ఈ మధ్యలో ఎక్కడ దొరికినా వనపర్తి రాజావారిది. వనపర్తి రాజావారివని నాకు చెప్పిన కార్లన్నీ నిజంగా ఆయనవే అయితే, ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉన్న ఆ ప్యాలెస్ దగ్గర్నుంచి పెబ్బేరు దాకా గ్యారేజీలే ఉండాలి. నల్గొండ వైపు పోతే ప్రతి కారూ దొర గడీలోది, ప్రతి జీపూ నెహ్రూ ఎక్కింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ శంకుస్థాపనకు వచ్చిన నెహ్రూ, సారు లెక్క ప్రకారం, జీపు దిగి జీపు ఎక్కడంలోనే రోజంతా గడిపి ఉండాలి. రాయి వేసే తీరిక ఆయనకెప్పుడు దొరికిందో! హాలియా వైపు చూసిన ఒక జీపు రేకు పలక మీద 1968 అని స్పష్టంగా ఉంది.

"బావా, నెహ్రూ 1964లనే పోయిండు గద?"

సారు టార్చి ఆర్పేశాడు. "పలక తర్వాత మార్చిర్రు" అన్నాడు.

నిజాం మాటెత్తితే ఇక ఆపలేం. "మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరెవరిది? మహబూబ్ అలీ ఖాన్‌ది. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చెయ్యమని ఆర్డరిచ్చిందెవరు? ఆయనే." అందులో అబద్ధమేమీ లేదు. వెనక సింహాసనం లాంటి సీటుతో ఆరో నిజాం చేయించిన ఆ పసుపుపచ్చ కారు, ఆయన 1911లో కన్నుమూశాక గానీ హైదరాబాదు చేరలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. "పేరు మాకిచ్చి కారు పట్నంల పెట్టుకున్నరు" అని సారు బాధపడతాడు. ప్రత్యేక తెలంగాణ పోరాటంలో నీళ్లు, నిధులు, నియామకాల పక్కన ఈ డిమాండు ఎవరూ చేర్చకపోవడం ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

సారు చొక్కా జేబులో లామినేషన్ చేయించిన కాగితం ఒకటుంటుంది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ పాత వాహనాల కోసం తెచ్చిన నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషనై 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోజువారీ రోడ్డెక్కకూడదు. ఈ చివరి షరతు సారుకు ఎంతో నచ్చింది. ఎటూ నడవని బండ్లే కదా.

నచ్చనిది ఇంజన్ షరతు. పెట్రోలు ధర భరించలేక మన దగ్గర ట్యాక్సీ అంబాసిడర్లలో ఎన్నింటికో ఆ రోజుల్లో మటడోర్ డీజిల్ ఇంజన్ బిగించారు. బయట చూస్తే రాజసం, క్రోము బంపరు, గుండ్రటి దీపాలు. సారు కళ్లు చెమ్మగిల్లుతాయి. బామ్మర్ది బానెట్టు ఎత్తి, ఒక్క క్షణం చూసి, నెమ్మదిగా దించుతాడు.

"మటడోర్, బావా."

చావుకబురు చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు అంత మెత్తగా ఉండదు. ఇంజన్ అసలుదే దొరికితే వయసు చాలదు. 1984 మోడలుకు 2034 దాకా ఆగాలి. సారు ఆగుతానంటాడు. కారు ఆగుతుందా అన్నదే బామ్మర్ది అనుమానం.

జిల్లాలో దొరకనప్పుడు పట్నం పోతాడు. గురువారమైతే జుమ్మేరాత్ బజారు, ఆదివారమైతే ఎర్రగడ్డ. అక్కడ కార్లుండవు, కార్ల ముక్కలుంటాయి: హబ్‌క్యాపులు, హెడ్‌లైటు రింగులు, రబ్బరు బుడ్డి హారన్లు, ఎవరి చేతులు రాసుకుని నున్నబడ్డాయో తెలియని స్టీరింగులు. ఇంగ్లండులో బ్యూలీ అనే ఊళ్లో 1967 నుంచి అచ్చంగా ఇలాంటి ముక్కల కోసమే సంత పెడుతున్నారని తెలిసి సారు పాస్‌పోర్టు చేయించుకున్నాడు. అది ప్రస్తుతం ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఉంది. ఆ సంగతి సారుకు తెలియదు, నాకు చెప్పింది సారు భార్యే. "చూడు అన్నా, మా ఇంట్ల కారు తప్ప కారు సామానంత ఉన్నది" అని కూడా అంది. దేవుడి గది తలుపుకు అంబాసిడర్ పిడి బిగించి ఉంది.

ఇంత తిరిగినా ఎందుకు దొరకలేదంటే, తప్పు అదృష్టానిది కాదు, ఆయన మొహానిది. పెబ్బేరు దళారీ ఒకసారి జాలిపడి చెప్పాడు: "నచ్చిన ఎద్దు దిక్కు చూడొద్దు సారు. పక్కదాన్ని చూడాలె." సారుకు ఆ నిగ్రహం లేదు. పాత మడ్‌గార్డు కనబడగానే మనుమరాలి తల నిమిరినట్టు నిమురుతాడు. ఇనుప సామాన్ల ఆటోవాడు మైకులో అరుస్తూ వస్తే అదే బండి కిలోల లెక్కన పోయేది. సారు వచ్చి నిమిరి పోయాక "మా నాయిన యాది, ఎట్ల అమ్ముతం?" అంటారు. అప్పటిదాకా ఆ యాది మీద పిడకలు ఆరేసుకున్నవాళ్లే. రెండు జిల్లాల్లో తుక్కు ధర ఇలా పెంచుకుంటూ పోయింది ఆయనే.

దేవరకొండ దాటి డిండి దారిలో ఒక ఊళ్లో చివరికి అసలైంది కనబడింది. ఒక అవ్వ ఇంటి అంబాసిడర్ మార్క్ 2. అవ్వ భర్త పోయిన నాడు ఆగిన బండి, మళ్లీ కదల్లేదు. కాబట్టి మటడోర్ దాకా బతుకు పోలేదు. బామ్మర్ది బానెట్టు ఎత్తి, దించకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. పెట్రోలు ఇంజనే.

"అవ్వా, కారు అమ్ముతవా?"

"ఏ కారు బిడ్డా?"

"గదే, కోళ్లున్నది."

"గది కారా? కోళ్ల గూడు గద."

"ఎంతకిస్తవు?"

అవ్వ ఒకసారి సారు చేతిలోని అయస్కాంతాన్ని చూసింది, రోడ్డు మీది మారుతిని చూసింది, ఆయన తడికళ్లను చూసింది. "గూడైతే ఊరికెనే కొంటవోదువు. కారంటున్నవు. నా మనుమడు పట్నంకెల్లి రానీ. ఇంగ డిక్కీల పెట్ట పొదుగుతున్నది, ఇరవై ఒక్క రోజులు ఎవలు ముట్టద్దు."

సారు ఇరవై ఒక్క రోజులూ ఆగాడు, ఆపైన మనుమడు వచ్చే దసరా దాకా ఆగాడు. పండగ దాటిన మర్నాడే పోయాడు. కారు వేపచెట్టు కిందికి వచ్చి ఉంది. కడిగి, బంతిపూల దండ వేశారు. మనుమడి మెడలో కెమెరా ఉంది, పట్నంలో అతను చేసే పని పెళ్లి ఫొటోలు తీయడమట. కొత్త జంట ఒకటి బానెట్టుకు ఆనుకుని నిలబడి నవ్వుతోంది. అవ్వ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది.

"దా బిడ్డా. నువ్వు చెప్పినంకనే తెలిసింది, కారని" అంది ప్రేమగా. "గంటకు ఐదు నూర్లు. నీకైతే నాలుగు నూర్లియ్యి, బోణీ మాట నీదే గద."

డబ్బులు బామ్మర్ది కట్టాడు. జంట పోయాక సారు స్టీరింగు ముందు కూర్చుని, పక్కనున్న హ్యాండిల్ గేరు మీద చెయ్యి వేసి, ఎటూ చూడకుండా ముందుకే చూశాడు.

"అంకుల్, పక్కకు ఆంటీ ఉంటే మంచిగుంటుండె" అన్నాడు మనుమడు కెమెరా సర్దుకుంటూ.

బామ్మర్ది అటు తలుపు తీసుకుని వచ్చి కూర్చున్నాడు. "కానియ్యి బావా, ఫస్టు గేరెయ్యి."

సారు జేబులోంచి అయస్కాంతం తీసి, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, తలుపుకు ఆనించాడు. టక్కున అంటుకుంది. ఎక్కడా లప్పం లేదు.

"అయ్యో, ఏమంటిస్తున్నవు?" అంది అవ్వ కుర్చీలోంచి లేస్తూ. "గీత పడితే నూరు రూపాయలు అలగ్!"