ఓ స్త్రీ, సీరియల్ అయ్యాక రా

దెయ్యానికి కావలసినవి రెండే. చీకటి ఒకటి, ఏకాంతం ఒకటి. చీకటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏనాడూ కరువు లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి కరెంటు స్తంభాలను పడుకోబెట్టి వెళ్లినప్పుడు దెయ్యాలకు దొరికినంత సావకాశం ఇంకెక్కడా దొరికి ఉండదు. చిక్కంతా ఏకాంతంతోనే. కొత్త కోడలు అద్దం ముందు ఒంటరిగా నిలబడి ఉంటుంది, వెనక ఏదో తెల్లగా కదులుతుంది. ఈ సీను మా వైపు తీస్తే ఆ కదిలింది మేనత్త అయి తీరుతుంది, దువ్వెన కోసం వచ్చి ఉంటుంది. అందుకే నేననేది ఏమిటంటే, తెలుగు కుటుంబంలోకి దిగిన దెయ్యం సినిమా నవ్వించక తప్పదు. అది దర్శకుడు కోరి తెచ్చుకున్న చమత్కారం కాదు, ఇల్లు ఇరుకవడం వల్ల వచ్చిన అవస్థ. ఆ నవ్వు ఇగిరిపోయాక గిన్నె అడుగున నల్లగా మాడి కనిపించేది మాత్రం దెయ్యం కాదు, కుటుంబమే.

అమెరికావాళ్లకు ఈ బాధ లేదు. 1989లో జో డాంటే తీసిన 'ది బర్బ్స్' అనే సినిమాలో టామ్ హాంక్స్ ఉండే వీధిలోకి కొత్త కుటుంబం దిగుతుంది. వాళ్లు ఎవరికీ సరిగా కనబడరు, అర్ధరాత్రి పెరట్లో తవ్వుతుంటారు. ఏం పాతిపెడుతున్నారో తెలియక చుట్టుపక్కలవాళ్లకు మతి పోతుంది. సినిమా మొత్తం ఆ తెలియకపోవడం మీదే నడుస్తుంది. అదే విజయనగరం కాలనీలో అయితే లారీలోంచి బీరువా దిగేలోపే వాళ్లది ఏ ఊరో, అబ్బాయి ఏ ఆఫీసులో చేస్తాడో, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారో లేదో తేలిపోతుంది. తెల్లారేసరికి గోడ మీంచి పిలుపు వస్తుంది: "ఏటి వదినా, రాత్రేదో తవ్వేరట, సెప్టిక్ ట్యాంకేటి?" కథ అక్కడితో సరి. "మరి 'మసూద' భయపెట్టలేదా?" అంటారు. పెట్టింది, కాదనను. 2022లో వచ్చిన ఆ సినిమాలో ఉన్నది హైదరాబాద్ ఫ్లాట్, అందులో తల్లీ కూతురూ ఇద్దరే. తెలుగువాణ్ణి నిజంగా భయపెట్టాలంటే ముందు బంధువులందరినీ కథలోంచి తీసెయ్యాలని ఆ దర్శకుడికి తెలుసు. నా వాదనకు అంతకన్న మంచి సాక్షి దొరకడు.

ఇక 'శుభం' సంగతి. 2025 మేలో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు, సమంత నిర్మాత. కథ జరిగేది విజయనగరానికి కూతవేటులో ఉన్న భీమునిపట్నంలో, ఇంటింటికీ కేబుల్ వైరు వేలాడిన రోజుల్లో. హీరో కేబుల్ ఆపరేటరు. రాత్రి తొమ్మిదయ్యేసరికి టీవీలో సీరియల్ మొదలవుతుంది, ఊళ్లో ఆడవాళ్లకు పూనకం వస్తుంది, మొగుళ్లకు చెమటలు పడతాయి. ఆ దెయ్యాలు అడుగుతున్నదేమిటో చూడండి. రక్తం అడగలేదు, పాత పగలు తియ్యలేదు, మూడు తరాల వెనకటి ఆస్తి తగాదా ఎత్తలేదు. సీరియల్ నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడొద్దన్నాయి, అంతే. పెళ్లాం పిలిచినా పలక్కుండా కదలకుండా కూర్చుని తనకిష్టమైనది తను చూసుకుంటోందంటే, దానికి దెయ్యం తప్ప మరో కారణం మొగుడి బుర్రకు తట్టదు. సీరియళ్లు చూసే ఆడవాళ్లను వెక్కిరించే సినిమా అని కొందరు నొచ్చుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. వెక్కిరింతకు గురైంది వణుకుతున్నవాళ్లు, చూస్తున్నవాళ్లు కాదు.

దీనికి ముందే ఊళ్లలో నడిచిన ఇంకో దెయ్యం కథ ఉంది, దానికి దర్శకుడంటూ ఎవరూ లేరు. 1990లలో తెలుగు ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దముక్కతో రాసుకున్నారు. కర్ణాటకలో 'నాళె బా' అని రాసుకున్నదీ ఈ బాపతే. దెయ్యం రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని పుకారు. అది గుమ్మం దాకా వచ్చి, రాత చదువుకుని, సరేనని వెళ్లిపోతుందట. మర్నాడొచ్చినా అదే రాత. దెయ్యం తెలుగు చదవగలదన్నది మొదటి నమ్మకం. అక్షరదీపం ఎంత దూరం వెలిగిందో దీన్నిబట్టి చెప్పొచ్చు. నాకు ముచ్చటేసేది రెండోది. ప్రాణం తీయడానికి వచ్చినదానికి మనవాళ్లు ఇచ్చిన జవాబు, వడ్డీకి అప్పిచ్చినవాడికి రోజూ ఇచ్చే జవాబే. మంత్రగాడి కోసం పరుగెత్తలేదు, ఊరు ఖాళీ చెయ్యలేదు. వాయిదా అడిగారు. ఇంటి ఖర్చుల పద్దులో యముణ్ణి కూడా ఒక బాకీగా రాసుకోగల కుటుంబాన్ని ఏ సినిమా భయపెడుతుంది?

ఇదంతా టీవీలొచ్చాక పుట్టిన వెటకారమని తీసిపారేయబోయేవాళ్లకు విజయనగరం నుంచే జవాబుంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో అక్కడే మొదటిసారి ఆడారు. 1909 నాటి రెండో కూర్పు తీసి చూడండి. ముసలి లుబ్ధావధాన్లు డబ్బు పోసి పెళ్లి చేసుకున్న పిల్ల నిజానికి ఆడవేషం కట్టిన కుర్రవాడు. ఆ పెళ్లికూతురు మాయమైపోతుంది. వచ్చింది పిల్ల కాదు, పిశాచమని ఇల్లంతా బెంబేలెత్తుతుంది. పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగిస్తానంటూ దిగుతాడు. చివరికి, అసలు పుట్టనే పుట్టని పిల్లను చంపాడని ముసలాయన మీద ఖూనీ కేసు. దెయ్యం, హత్య, కుటుంబం, నవ్వు అన్నీ ఒక్క కప్పు కింద అమిరాయి. ఇంతకీ అందులో ఒళ్లు జలదరించేదేమిటి? గవరయ్య సీసా కాదు. పసిపిల్లకు ధర కట్టి తండ్రి బేరమాడటం, అది తప్పని ఆ తండ్రికి తట్టకపోవడం. సీసా చూసి నవ్వుతాం, బేరం గుర్తొచ్చి ఆగిపోతాం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని నవ్వి దాటెయ్యడం కుదరదు. ఇదే ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఏజెన్సీ ఊళ్లలో, చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. అలాంటి చోట దెయ్యాన్ని కామెడీ చేయడం తప్పు కాదా? కాదంటాను. చిల్లంగి పేరుతో ప్రాణం తీసినవాళ్లలో నవ్వుతూ తీసినవాడు ఒక్కడూ ఉండడు. అందరూ పూర్తి గాంభీర్యంతో, పూర్తి నమ్మకంతో కర్ర ఎత్తినవాళ్లే. భుజాన వేపమండ వేసుకుని కళ్లెర్రజేసే మంత్రగాణ్ణి నిజమన్నట్టు చూపించే సినిమాతో నాకు బెంగ గానీ, గవరయ్య సీసాతో కాదు.

మిగిలింది ఒకే ఒక్క అభ్యంతరం, దానికి నా దగ్గర జవాబు తక్కువ. మేనత్తలూ గోడ మీంచి పిలిచే వదినలూ ఇప్పుడెక్కడున్నారని అడుగుతారు. నిజమే. శ్రీకాకుళం నుంచి వలస ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడది మేడలున్న ఇళ్లకూ పాకింది. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డాలస్‌లో, నాలుగు గదుల ఇంట్లో ముసలావిడ ఒక్కర్తే. దెయ్యానికి ఇన్నాళ్లకు చీకటితోపాటు ఏకాంతమూ దొరికింది, ఇక భయపెట్టడమే తరువాయి. కానీ ఆ ముసలావిడ ఏం చేస్తుందో ఊహించండి. తలుపు మీది పాత రాతలో 'రేపు' అన్న మాటను కొంగుతో తుడిచేస్తుంది. "రా అమ్మా, గుమ్మంలోనే నిలబడిపోయేవేటి? సీరియల్ తొమ్మిదికి. కాస్త ముందొస్తే ఇద్దరం కలిసి తినొచ్చు, ఒక్కదానికి వండుకోడం ఏటి బాగుంటాది."