చెయ్యి దించి తీసిన కొలత

నాలుగేళ్లుగా మా బీరువా అడుగు అరలో నీలం శాటిన్ డ్రెస్సు ఒకటి మడత పెట్టి ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, పారేయలేదు.

మా బాబు అప్పుడు యూకేజీ. బతుకమ్మ సెలవులకు ముందు స్కూల్లో పిల్లలకు తెలంగాణ రాష్ట్ర చిహ్నాల వేషాలు వేయమన్నారు. ఒకరికి జింక, ఒకరికి జమ్మిచెట్టు, ఇంకొకరికి తంగేడు పువ్వు. మావాడికి పాలపిట్ట. ఆ మాట విన్నప్పటి నుంచి వాడు మంచం మీంచి దూకుతూ ఇల్లంతా ఎగిరాడు. నేను చూస్తూనే ఉన్నాను. కొలతలు తీసేటప్పుడు మాత్రం గోడకు నిలబెట్టి "కదలకు" అన్నాను.

పాలపిట్ట తీగ మీద కూచుంటే మట్టిరంగుదే ఎక్కువ కనబడుతుంది. రెక్క విప్పితేనే ఆ లేత నీలం, ముదురు నీలం. దసరానాడు ఊరి బయటికి పోయి జనం వెతుక్కునేది ఆ పిట్టనే. చిన్నప్పుడు మా నాన్న భుజమెక్కి నేనూ చూశాను. అన్నీ తెలిసి, రెక్క కొలత చెయ్యి కిందికి దించి ఉండగా తీశాను. మణికట్టుకూ నడుముకూ మధ్య జానెడు కూడా లేదు. అంతే బట్ట కత్తిరించి, ఒక అంచు చేతికి, ఒక అంచు నడుముకు కలిపి కుట్టేశాను. ఐదేళ్ల పిల్లాడు చెయ్యి చాపితే ఆ దూరం మూరెడవుతుంది. శాటిన్ సాగదు. పైగా ముడతలు పడకూడదని లోపల బక్రం వేశాను.

మా అత్తమ్మ చూసి, "పోరడు చెయ్యి లేపుతడా బిడ్డా? ఎనకట లాల్చీలకు చంకల చదరం ముక్క ఏసి కుట్టేటోళ్లు" అంది. "ఇది లాల్చీ కాదు అత్తమ్మా" అన్నాను. పెద్దావిడ మళ్లీ మాట్లాడలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. పైదీ కిందిదీ ఒకే ముక్కగా కుట్టి, వీపు మీద తొమ్మిది హుక్కులు పెట్టాను. ముందువైపు పెడితే ఫొటోలో కనబడతాయని. మిగతా తల్లులు అద్దెకు తెచ్చారు. నాది చూసి ఎవరు కుట్టారని అందరూ అడగాలని నా మనసులో ఉంది. అడిగారు కూడా.

తొమ్మిదింటికి హుక్కులు పెట్టి పంపాను. స్టేజీ ఎక్కేసరికి పదకొండు దాటింది. వాడు తొడలు దగ్గరికి నొక్కి నిలబడ్డాడు. భయమనుకున్నాను. ఫోను పట్టుకుని కింది నుంచి రెక్కలు విప్పమని సైగ చేశాను. వాడు నన్ను చూసి ప్రయత్నించాడు. మోచేతులు నడుము దాటి లేవలేదు. ఇంకోసారి గట్టిగా లాగాడు. అప్పుడే కాళ్ల దగ్గర నీలం నల్లబడుతూ కిందికి దిగింది. తడిసిన శాటిన్ అంత ముదురుగా కనబడుతుందని నాకు తెలియదు.

పరుగెత్తి ఎత్తుకున్నాను. వాడు నా చెవిలో, "మమ్మీ, పాలపిట్ట ఖరాబైంది" అన్నాడు. ఏడవలేదు. నేను కోప్పడతానేమోనని చూస్తున్నాడు.

ఇంటికొచ్చి విప్పితే చంకల్లో బక్రం అంచు గీసుకుని రెండువైపులా ఎర్రటి చారలు. అత్తమ్మ కొబ్బరినూనె రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆ రాత్రంతా అనిపించింది.

పోయిన వారం మా చిన్నదానికి సీతాకోకచిలుక వేషం కుట్టాను. చేతులు పైకెత్తమని అప్పుడు టేపు పట్టాను. రెక్క మెడ దగ్గర, మణికట్టు దగ్గర మాత్రమే తగిలించాను, మణికట్టుకు ఎలాస్టిక్ వేసి. నడుముకు ఏమీ కలపలేదు. ప్యాంటు విడిగా. మామూలు నూలు బట్ట, కత్తిరించే ముందు ఒకసారి నానబెట్టి ఆరేశాను, తర్వాత కురచవకుండా.

వేసి చూస్తుంటే మావాడు హోంవర్కు వదిలి వచ్చాడు. చుట్టూ తిరిగి, వీపువైపు వంగి చూశాడు.

"చెల్లీ, ఇప్పుడు నువ్వొక్కదానివే ఇప్పుకో" అన్నాడు.