నమ్మి కొన్నవాడు చెడడు

కొత్త ఫ్లాటు కొనాలనుకుంటే సైటు చూడ్డానికి మార్చిలో వెళ్లండి. ఆగస్టులో వెళ్లారా, కారు టైర్లు సగం మునుగుతాయి, మనసు విరిగిపోతుంది, మంచి బేరం చెయ్యిజారిపోతుంది. మార్చిలో అయితే ఎదురుగా చదునైన నేల, ఎండిన తుంగ, నాలుగు గేదెలు, ఉచితంగా చల్లగాలి. బ్రోచరులో దాన్నే ‘లేక్ వ్యూ’ అంటారు. లేక్ ఉంది గానీ నీళ్లేవీ అని అడక్కండి. నీళ్లు వస్తే ఎక్కడిదాకా వస్తాయని అసలే అడక్కండి.

గేదెలు కాసుకునే పెద్దాయన ఒకరు అక్కడ తప్పకుండా ఉంటారు. ఆయనతో మాట కలపకండి. నేను కలిపాను. “ఈడ తూముండె సారూ, మా అయ్య నీరటి పని చేస్తుండె” అన్నాడాయన. సేల్స్ కుర్రాడు ఇది విన్నాడో లేదో, నన్ను చెయ్యి పట్టుకుని సైట్ ఆఫీసులోని మోడల్ ఫ్లాట్‌లోకి తీసుకుపోయి, ఏసీ వేసి, బాదంపాలు తెప్పించాడు. ఆ చల్లదనంలో తూము సంగతి మరిచిపోయాను. మీరూ మరిచిపోగలరు, పెద్ద కష్టం కాదు. చెరువు పది హెక్టార్లు దాటితే ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటిమట్టం) గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలని నిబంధన. 2024 జూలైలో హైదరాబాదులో చెరువుల కబ్జాలు కూల్చే హైడ్రా పుట్టాక ఈ గీతలు కొలవడానికి జేసీబీలే స్వయంగా వస్తున్నాయి. అయినా సరే, చెరువు మ్యాపు చేత్తో పట్టుకుని తిరిగేవాడు జన్మలో ఇల్లు కొనలేడు. అద్దింట్లోనే ఉండిపోతాడు, పైగా వానాకాలంలో కూడా హాయిగా నిద్రపోతాడు.

ఇక డబ్బు ఎప్పుడు కట్టాలి? పునాది పడకముందే. పర్మిషన్ రాకముందైతే మరీ మంచిది. దీన్ని ప్రీలాంచ్ అంటారు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా నంబరు వచ్చాక అడుగు 9,000 పలికేది, ఇప్పుడే మొత్తం కట్టేస్తే 6,500. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదని, రిజిస్టరైన అగ్రిమెంటు చేతికి రాకుండా ధరలో పది శాతం మించి పుచ్చుకోకూడదని 2016 నాటి చట్టం చెబుతుంది. కొనేవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరిటే వేరే ఖాతాలో ఉంచాలని కూడా అందులో ఉంది. ఇవన్నీ నమ్మకం లేనివాళ్ల కోసం రాసుకున్న మాటలు. “నంబరు ఎప్పుడొస్తుంది బాబూ?” అని నేను మర్యాదగా అడిగాను. “అప్లై చేశాం సార్, వచ్చే నెలలో వచ్చేస్తుంది” అన్నాడు. ఎంత స్పష్టమైన జవాబో చూడండి. పనిలో పనిగా, 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిందని కూడా గుర్తు చేశాడు. మా సైటుకీ కోకాపేటకీ మధ్య గంటన్నర ట్రాఫిక్ ఉంది. కానీ వంద కోట్లన్నాక దూరం ఎవరికి గుర్తుంటుంది?

ప్రీలాంచ్‌కి బ్యాంకు లోన్ ఇవ్వలేదు. బ్యాంకు వద్దన్నచోట మనం ముందుకు దూకడమే కదా సాహసమంటే. ఊళ్లో కాలవ కింద మా నాన్న వదిలివెళ్లిన రెండెకరాలు అమ్మాను. తక్కువైంది డల్లాస్ నుంచి మా అబ్బాయి పంపాడు. బదులుగా నాకు స్థలంలో అవిభాజ్య వాటా 48 గజాలు రాసిచ్చారు. రెండెకరాలంటే 9,680 గజాలు. ఈ రెండంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఎప్పుడూ రాయకండి. ముఖ్యంగా రాత్రిపూట.

బావమరిదిని మాత్రం వెంట తీసుకెళ్లకండి. ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. మా వాడు రోడ్లు భవనాల శాఖలో ఏఈగా చేసి రిటైరయ్యాడు. వాడికి దేన్నీ చూసి ఆనందించడం రాదు, కొలవడమే వచ్చు. నేను కొన్నది 1,650 చదరపు అడుగులు. గోడలు లేచాక వాడు టేపు తీసి గదులన్నీ కొలిచి, “లోపల 1,140 ఉంది బావా” అన్నాడు. మిగతా 510 ఎక్కడికీ పోలేదని, లిఫ్టులో, మెట్లలో, కారిడార్‌లో, వాచ్‌మన్ గదిలో నా వాటాగా భద్రంగా ఉందని చెప్పాను. “వాటి ఖరీదు 33 లక్షల 15 వేలు. నువ్వు నిజంగా అడుక్కి కట్టింది 9,400 పైచిలుకు” అన్నాడు. అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా అని చిన్న అక్షరాల్లో ఆ 1,140 ఉండనే ఉందట. అలాంటి కాగితాలు సంతకం పెట్టడానికి ఇస్తారు గానీ చదవడానికా? అప్పట్నుంచీ నేను లిఫ్టులో వెళ్లేటప్పుడు కాసేపు ఎక్కువ నిలబడుతున్నాను. సొంత ఆస్తి.

జీఎస్టీ సంగతి. కట్టుబడిలో ఉన్నప్పుడు కొంటే మా రేంజి ఫ్లాటుకి 5 శాతం. నా లెక్కన 5,36,250 రూపాయలు. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చాక బిల్డరు దగ్గర కొంటే జీఎస్టీ సున్నా. కాబట్టి దేశభక్తి ఉన్నవారు ముందే కొంటారు.

తాళాలు చేతికిచ్చే రోజున ఏం చూసుకోవాలని చాలామంది అడుగుతుంటారు. వాస్తు. ఇంకేమీ అక్కర్లేదు. మేం సిద్ధాంతిగారిని తీసుకెళ్లాం. ఆయన దిక్సూచి పెట్టి, పొయ్యి ఆగ్నేయంలో ఉందన్నారు, సంపు ఈశాన్యంలో ఉందన్నారు, మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో ఉందన్నారు. సంతోషంగా తాంబూలం ఇచ్చాను. సంపులో నీళ్లున్నాయా అన్నది శాస్త్రం పరిధిలోకి రాదు కనుక ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. మంజీరా కనెక్షన్ వచ్చే నెలలో వస్తుంది. అందాకా ట్యాంకరు ఏ దిక్కు నుంచి వచ్చినా దోషం లేదట.

బావమరిది పిలవకుండానే వచ్చాడు. జేబులో గోళీ, రూపాయి బిళ్ల, చేతిలో బకెట్టు. బిళ్లతో టైల్స్ కొట్టుకుంటూ పోయి, బోలుగా మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. హాలు గుర్తులతో నిండి తొక్కుడుబిళ్ల ఆటకి గీసినట్టయింది. గోళీని వంటగదిలో వదిలితే అది తనంతట తాను బాల్కనీ దాకా దొర్లి వెళ్లి వ్యూ చూసింది. బాత్రూములో బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే అవి జాలీ వైపు చూడనైనా చూడకుండా గడప దాటి పడగ్గదిలోకి వచ్చాయి. ఇంత పరీక్ష పెడితే పెళ్లికూతురు కూడా నిలవదు. వాడి పనంతా చూసి సైట్ ఇంజనీరు కుర్రాడు ఎంత చిన్నబుచ్చుకున్నాడో! ఆ అబ్బాయి ముఖం చూడలేక ‘అన్నీ సవ్యంగా అందాయి’ అన్న కాగితం మీద సంతకం పెట్టేశాను.

గోడల్లో బీటలు కనబడితే కంగారు పడకండి. “హెయిర్‌లైన్ క్రాక్స్ సార్, బిల్డింగ్ సెటిలవుతోంది” అంటారు. మేం సెటిలవడానికి కొన్నాం, మాకంటే ముందు బిల్డింగే సెటిలవుతోంది. అప్పగించిన ఐదేళ్లలోపు కట్టుబడి లోపం రాతపూర్వకంగా తెలియజేస్తే, 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలని రెరాలో ఉంది. అందుకే ఏదీ రాతపూర్వకంగా ఇవ్వకండి. ఫోన్ చేయండి. ఫోన్‌లో చాలా ఆప్యాయంగా మాట్లాడతారు.

ఓసీ లేకుండా గృహప్రవేశం చేయొచ్చా? పంచాంగంలో ఓసీ అన్న మాటే లేదు. శ్రావణంలో ముహూర్తం కుదిరింది, చేసేశాం. కరెంటు ఇంకా కట్టుబడి కోసం తీసుకున్న టెంపరరీ మీటరు మీదే నడుస్తోంది. ఆ రేటు వేరే, దాని గురించి మా ఆవిడ వినేటట్టు మాట్లాడను. పాలు మాత్రం బ్రహ్మాండంగా తూర్పుకే పొంగాయి. స్టవ్ ఉన్న గట్టు అటే వాలి ఉందని బావమరిది అన్నాడు.

భోజనాల దగ్గర వాడే ఇంకో ముక్క వదిలాడు. ప్లాను శాంక్షన్‌కి బిల్డరు పది శాతం నిర్మిత ప్రదేశాన్ని, మామూలుగా కింది అంతస్తుల్లో, మున్సిపాలిటీకి మార్టిగేజ్ చేస్తాడని, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుందని, “నీది అందులో ఉందేమో ఈసీ, అదే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీసి చూశావా బావా?” అని. నా చేతిలోని బూరె విస్తట్లో జారిపడింది. చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. శుభమా అని ఇల్లు కొనుక్కుని, కోరి ఈసీ తీసుకునే మనిషిని ఏమనాలి?

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు ఈ విషయంలో ఆదర్శంగా ఉంటుంది. పొద్దున్నే దేవుడి బొమ్మలు, పండక్కి చందా, పార్కింగ్‌లో అడ్డంగా పెట్టిన కారు ఫొటో. కిందటేడు వానలకి సెల్లార్లో మోకాలి లోతు నీళ్లొచ్చినప్పుడు 204 కుర్రాడు వీడియో పెడితే, రెండు నిమిషాల్లో పదిహేనుమంది మీద పడ్డారు. “బయటికి తెలిస్తే మన రేటేం కావాలి? తీసేయ్.” తీసేశాడు. నీళ్లు నాలుగు రోజులు ఉన్నాయి, వీడియో రెండు నిమిషాలు ఉంది.

పక్క టవర్ కోసం ఆదివారాలు కొత్తవాళ్లు వస్తుంటారు. అవే బాదంపాలు. సేల్స్ కుర్రాడు మారాడు, మాట మారలేదు. వాళ్లలో భార్యాభర్తలిద్దరు మొన్న నన్ను గేటు దగ్గర ఆపి, “ఇక్కడ ఎలా ఉంటుందండీ అంకుల్?” అని అడిగారు. ఆ అమ్మాయి చంకలో పసిపిల్ల. ఒక్క క్షణం గేదెల పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన కాస్తా ఇప్పుడు మా దగ్గర నైట్ వాచ్‌మన్. “చాలా బాగుంటుందమ్మా, గాలీ వెలుతురూ” అన్నాను. పెద్దాయన నావంక చూసి గేటు తీశాడు.

మా అబ్బాయి డల్లాస్ వచ్చేయమని గొడవ చేస్తున్నాడు. మాది మొదటి అంతస్తు, తూర్పు ముఖం, 1,650 అడుగులు, లేక్ వ్యూ, గోడలకి కొత్తగా రంగు వేయించాం. చూడాలనుకునేవారు మార్చిలో రండి. బావమరుదుల్ని తీసుకురాకండి. ఓసీ వచ్చే నెలలో వచ్చేస్తుంది.