పన్నెండు గంటలు వణికితేనే పైసలు

ఆర్కిటిక్ ఆకాశంలో పచ్చటి వెలుగులు చూడనిదే పెళ్లిరోజు చెల్లదని రీల్స్ తేల్చేశాక, ట్రావెల్ ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ల పంట పండింది. ప్రకటనలో అమ్మ, నాన్న, పాప ఎర్రటి జాకెట్లు వేసుకుని మంచులో పకపకా నవ్వుతుంటారు. లగేజీ సంగతి మాకొదిలేయండని కింద ఓ హామీ. ఆ ముగ్గురి ఒంటిమీద జాకెట్లున్నాయంటే వాళ్ల బ్యాగులు వేళకే వచ్చాయన్నమాట. ఇక వదిలేయడానికి ఏముంది?

టికెట్ కొనేచోట బీమాకు ముందే టిక్కు పెట్టి ఉంచొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది. సరేనని పోర్టళ్లు టిక్కు తీసేశాయి. బదులుగా ‘వద్దు, రిస్కు నేనే భరిస్తా’ అనే ధోరణిలో ఓ మీట వచ్చి కూర్చుంది. దాన్ని నొక్కాలంటే ఎంత మొనగాడికైనా వేలు ఆడదు.

ఆ పచ్చటి వెలుగుల కోసం నార్వే వెళ్లేవాళ్లకు ఈ బెదిరింపు కూడా అక్కర్లేదు. షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాల్సిందే. వీసా ఇచ్చేవాళ్లకు కావలసింది కాలు విరిగితే కట్టు ఎవరు కడతారన్నదే. బ్యాగు రాకపోతే గతేమిటని వాళ్లు అడగరు. దానికి సమాధానం పాలసీ పత్రం లోపలెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఈ కాలమ్ రాస్తున్నవాడు కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని మరీ చదివాడు. చాలా పాలసీల్లో బ్యాగు 12 గంటలు ఆలస్యమైతేనే పైసా రాలుతుంది. దయగల కొన్నింటిలో 6 గంటలు.

ఓ కూకట్‌పల్లి జంట శనివారం సాయంత్రం నాలుగింటికి ఓస్లోలో దిగిందనుకుందాం. ఆవిడ చుడీదార్ మీద పల్చటి స్వెటర్, ఆయన కాళ్లకు కాన్వాస్ బూట్లు. జాకెట్లు, థర్మల్స్, ఉన్ని సాక్సులు, మంకీ క్యాపులు, అత్తగారు కట్టిచ్చిన గోంగూర పచ్చడి అన్నీ చెకిన్ చేసిన 23 కిలోల బ్యాగులో. బెల్టు తిరిగి తిరిగి ఆగిపోయింది. ఎయిర్‌ట్యాగ్ చుక్క మాత్రం మధ్యలో విమానం మారిన ఊళ్లోనే నిక్షేపంగా నిద్రపోతోంది. కౌంటర్లో బ్యాగు రాలేదని పీఐఆర్ కాగితం రాయించుకున్నారు.

ఇక మొదలు అసలు నాటకం. ఊళ్లో దుకాణాలు ఇంకా తెరిచే ఉన్నాయి. కానీ ఐదింటికి కోటు కొంటే అది పచ్చి జూదం. రాత్రి పదకొండింటికి బ్యాగు హోటల్‌కు వచ్చేసిందా, ఆలస్యం ఏడు గంటలే, కోటు డబ్బు కోటుతోనే సరి. పోనీ ఆగుదామంటే 12 గంటలు నిండేది ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి. ఆ వేళ ఏ దుకాణం తెరుస్తారు? తెల్లవారినా లాభం లేదు. నార్వేలో ఆదివారం చాలా దుకాణాలు చట్టప్రకారమే మూసేస్తారు. పాలూ రొట్టే అమ్మే చిన్న కొట్లు ఉంటాయి, రొట్టె కప్పుకోలేం కదా. దుకాణం తెరిచి ఉన్నప్పుడు పాలసీ నిద్రలో, పాలసీ లేచేసరికి దుకాణం మూత.

ఇంతకంటే విచిత్రం మరోటుంది. కోటు కొనేసినవాళ్లు ఇక తమ బ్యాగు త్వరగా రాకూడదని దేవుడికి మొక్కుకోవాలి. పదకొండు గంటల యాభై నిమిషాలకు తలుపు తట్టిన హోటల్ కుర్రాణ్ని ఇంకో పావుగంట ఆగి రమ్మని బతిమాలుకోవాలి. తమ సామాను ఆలస్యంగా రావాలని తిరుపతి వెంకన్నకు ముడుపు కట్టించే వ్యాపారం మరెక్కడైనా ఉందా?

ఆ 12 గంటలు నిండాక వచ్చేదెంతయ్యా అంటే, చౌక పాలసీల్లో 100 డాలర్లు. వెయ్యి క్రోనర్లకు అటూ ఇటూ. 25 శాతం పన్నున్న దేశంలో ఆ డబ్బుకి ఓ మోస్తరు చలికోటు దొరికితే గొప్పే. అదీ ‘అత్యవసర’ వస్తువులకే. బ్రష్షు, పేస్టు, లోదుస్తులు సరే, కోటు అత్యవసరమా కాదా అన్నది క్లెయిమ్ గదిలో ఏసీ కింద కూర్చున్నవారి చిత్తం. తిరుగు ప్రయాణంలో బ్యాగు ఆగిపోతే చాలా పాలసీల్లో అదీ లేదు.

ఇక వెటకారం చాలు. బ్యాంకాక్‌లో బ్యాగు రాకపోతే మర్నాడూ అదే చొక్కా వేసుకుంటారు. సున్నాకి పది డిగ్రీలు దిగువన చేతులకు గ్లవుజులు లేకపోతే వేళ్లు మొద్దుబారతాయి, చెవులు చచ్చుబడతాయి, వెంట పసిపిల్ల ఉంటే అది ఆస్పత్రి మాట. రెండు ఊళ్లకూ ఒకటే 12 గంటల నిబంధన రాసినవాళ్లకు చలి తెలియక కాదు, పట్టక. దాన్ని ‘నిశ్చింత’ అని అమ్మడం మోసపు మాట.

పైగా అసలు హక్కు టికెట్‌తోనే ఉంది, దానికి ఎవరూ ప్రకటన వేయరు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి విమాన సంస్థే బాధ్యురాలు. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని నిరూపిస్తే తప్ప తప్పించుకోలేదు. 2024 డిసెంబరు 28 నుంచి గరిష్ఠ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కల యూనిట్లు), సుమారు 2,000 డాలర్లు. అక్కడ 12 గంటల తడిక లేదు. బ్యాగు చేతికందిన 21 రోజుల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. భారత్ 2009లోనే ఈ ఒప్పందంలో చేరింది. ఇన్సూరెన్స్ అమ్మే యాప్ ఈ ముక్క చెప్పగా విన్నవాళ్లుంటే చేయెత్తండి.

బీమా సంస్థనడిగినా, విమాన సంస్థనడిగినా బిల్లులు కావాలి. ఒంటికి థర్మల్స్ లేకపోయినా చేతికి థర్మల్ కాగితం మాత్రం దొరుకుతుంది. ఇంటికొచ్చి ఫారాలు నింపేలోపు దానిమీద అంకెలు వెలిసిపోతాయి. కొనగానే బిల్లుకు ఫొటో తీసుకోవాలి.

సోమవారం మన కూకట్‌పల్లి జంట ఆ పచ్చటి వెలుగులు కనిపించే ట్రోమ్సో చేరింది. బ్యాగు ఓస్లో హోటల్‌కు చేరింది. రాత్రి వెలుగులు చూపించే టూర్ వ్యాను ఎక్కబోతుంటే డ్రైవరు వెనక తలుపు తీసి దళసరి సూట్లు, బూట్లు బయటికి లాగాడు. అక్కడ చాలా టూర్లలో అవి టికెట్‌తోపాటే. భర్త కాన్వాస్ బూట్లవైపు చూసి పాదం సైజెంతని అడిగాడు.