ఖాళీ కాగితం మీద వేలిముద్ర

నా వెనకవైపు తిప్పి చూస్తే నా పుట్టుపూర్వోత్తరాలన్నీ కనిపిస్తాయి. వరస నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు, అతని తండ్రి పేరు, ఊరు, ఎవరి నిమిత్తం కొన్నదీ, అడుగున స్టాంపు వెండరు సంతకం. ముందువైపు మూడు సింహాల ముద్ర, వంద రూపాయల అంకె, 'ఇండియా నాన్ జుడీషియల్' అన్న అక్షరాలు. నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చయ్యాను. అక్కణ్ణించి ట్రెజరీకి, ట్రెజరీ నుంచి గుంటూరు జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద బల్ల వేసుకున్న వెండరు పెట్టెలోకి చేరాను.

ఆ పెట్టెలో ఉన్నన్నాళ్లూ ఒకటే మాట వినేదాన్ని: "స్టాంపు కాగితం మీద రాశాక ఇక తిరుగులేదు." చెప్పేవాళ్లు ధీమాగా చెప్పేవారు, వినేవాళ్లు బెదురుగా వినేవారు. నా మీద గౌరవంతోనే అనేవారు గాని, ఆ గౌరవం నాకు తగనిది. దాని మూలంగా ఒక మనిషి పొలం పోయేదాకా వచ్చింది.

ఆవిడకి డెబ్బై సెంట్ల మాగాణి ఉంది. భర్త పోయాక దాన్ని కౌలుకిచ్చి బతుకుతోంది. మనవరాలి నర్సింగు చదువుకి ఫీజు కట్టాల్సి వచ్చి, అక్క కొడుకు వరసయ్యే మనిషిని రెండు లక్షలు అప్పడిగింది. అతను సరే అన్నాడు, నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. అరుగు మీద కూర్చుని డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. అంతా అయ్యాక సంచిలోంచి నన్ను తీశాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యి పిన్నీ. ఊరికే, నమ్మకానికి."

"ఇందులో ఏం రాశావు నాయనా?"

"ఏమీ రాయలేదు, చూడు, తెల్లగానే ఉంది. నీ బాకీ తీరగానే నీ ఎదటే చింపేస్తా."

చదువు రాని మనిషికి రాత ఉన్న కాగితమంటేనే భయం. నేను తెల్లగా ఉన్నాను గనకే ఆవిడ నమ్మింది. నా అడుగున బొటనవేలి ముద్ర పడింది. నన్ను మడిచి బీరువాలో పెట్టారు.

ఆ పూట వాళ్లిద్దరి మధ్య ఒక కాంట్రాక్టు నిజంగానే కుదిరింది. దానికి నాతో పనే లేదు. 1872 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న భారత కాంట్రాక్టు చట్టం ఏం అడుగుతుందో ప్రధానంగా పదో సెక్షనులో ఉంది. ఒకరు ప్రతిపాదించాలి, రెండోవారు దాన్ని అలాగే ఒప్పుకోవాలి. ఇచ్చినదానికి బదులుగా ఏదో ఒకటి రావాలి, దాన్నే ప్రతిఫలం అంటారు. ఇద్దరికీ వయసు నిండి ఉండాలి, మతి స్థిమితంగా ఉండాలి. ఒప్పుకోలు మనసులోంచి రావాలి. తలపెట్టిన పని చట్టం కాదన్నది కాకూడదు. అరుగు మీద కుదిరిన అప్పులో ఇవన్నీ ఉన్నాయి: అడగడం ఉంది, సరేననడం ఉంది, చేతికొచ్చిన రెండు లక్షలున్నాయి, వడ్డీతో తీరుస్తానన్న మాట ఉంది. నోటితో చెప్పుకున్నదే అయినా అది చెల్లే కాంట్రాక్టే. పొలం అమ్ముతానని నోటిమాటగా ఒప్పుకున్నా అది చెల్లుతుందని అలోకా బోస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాతలో ఉండి తీరాలన్నవి వేరే ఉన్నాయి. గడువు దాటిపోయిన బాకీ తీరుస్తానన్న మాట రాతలో ఉండి, సంతకం కూడా పడాలి. పొలం హక్కు చేతులు మారాలంటే రిజిస్ట్రేషను కావాలి. మిగతా చాలా చోట్ల కాగితం ఉండేది జ్ఞాపకానికీ రుజువుకీ.

ఏడాదిన్నరపాటు ఆవిడ వడ్డీ కట్టింది. ఆ తర్వాత కౌలు సరిగా రాక ఆపేసింది. అప్పుడు నన్ను బీరువాలోంచి తీసి దస్తావేజు లేఖరి దగ్గరికి తీసుకెళ్లారు.

నా ఒంటి మీద ఆ రోజు జరిగింది ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చు. పైన 'విక్రయ అగ్రిమెంటు' అని విశాలంగా మొదలుపెట్టాడు. హద్దులు, సర్వే నంబరు, మొత్తం ధర నాలుగు లక్షలు, అందులో మూడున్నర లక్షలు అడ్వాన్సుగా నగదు ముట్టినట్టు. ఊళ్లో ఆ ధరకి పది సెంట్లు కూడా రావు. రాస్తూ రాస్తూ కిందికొచ్చేసరికి చోటు చాల్లేదు. వేలిముద్ర ముందే ఉంది కదా, దానిపైనే ముగించాలి. అందుకని ఆఖరి నాలుగు వరసలు ఇరుక్కుపోయాయి, ఒక అక్షరం తోక ముద్ర గీతల మీదికి కూడా పాకింది. "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, చదివించుకుని విని రాసి ఇచ్చిన అగ్రిమెంటు" అన్న వాక్యం ఆ ఇరుకులోనే ఉంది. ఆవిడ ఆ సమయంలో చేలో కలుపు తీస్తోంది.

ప్రామిసరీ నోటయితే సంగతి వేరు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఖాళీ నోటు ఇచ్చినవారు దాన్ని పూరించుకునే అధికారం కూడా ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టం ఇరవయ్యో సెక్షను అంటుంది. ఖాళీ నోటు మీద సంతకం పెట్టేవాళ్లు ఎంత ప్రమాదంలో అడుగు పెడుతున్నారో తెలియాలంటే ఆ ఒక్క సెక్షను చాలు. కాని ఆ అధికారం అలాంటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్లకే. పొలం అగ్రిమెంటుకి అలాంటి సెక్షను లేదు. కాంట్రాక్టు చట్టం పదమూడో సెక్షను సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది: ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం. ఆవిడ మనసులో ఉన్నది అప్పు, నా మీద రాసింది అమ్మకం. నా మీద మూడు సింహాలున్నా నాలో కాంట్రాక్టు లేదు.

నాలుగు నెలలు తిరక్కుండానే నన్ను సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకి పట్టుకొచ్చారు. పొలం రిజిస్టరు చేయించమని అప్పిచ్చినవాడు దావా వేశాడు. మొదటి గొడవ నా గురించే వచ్చింది. స్టాంపు సుంకం తక్కువైందని ఆవిడ వకీలు అభ్యంతరం పెట్టాడు. 1899 స్టాంపు చట్టం ముప్పై అయిదో సెక్షను ప్రకారం తగిన సుంకం లేని దస్తావేజు సాక్ష్యానికి పనికిరాదు. కాని లోటు సుంకం, దాని మీద పదింతల జరిమానా కడితే పనికొస్తుంది. దావా వేసినవాడు కట్టాడు, నన్ను ఏ-1గా మార్క్ చేశారు. స్టాంపు లేకపోవడం ఒప్పందాన్ని చంపదని, అది సరిదిద్దుకోగల లోపమేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. నేను సర్కారుకి కట్టిన పన్నుకి గుర్తుని, అంతే. నన్ను చూసి వణికేవాళ్లందరికీ ఈ మాట ఎవరైనా చెబితే బాగుండునని నా ఆశ.

రెండో అభ్యంతరం తేదీల గురించి. నన్ను కొన్న తేదీకీ నా మీద రాసిన తేదీకీ మధ్య రెండేళ్ల దాకా తేడా ఉంది. ఆరు నెలలు దాటితే స్టాంపు కాగితం చెల్లదని జనంలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. ఆరు నెలల గడువు వాడని కాగితం తిరిగిచ్చి డబ్బు వాపసు తీసుకోవడానికే. 2008లో తిరువేంగడ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అందులో అగ్రిమెంటు 1980 నాటిదైతే, కాగితాలు 1973లో ఒకటి, 1978లో ఒకటి కొన్నవి. అయితే పాత కాగితం వాడటం అనుమానించదగ్గ పరిస్థితి కావచ్చునని కూడా ఆ తీర్పే అంది. మా కేసులో నా వెనక కొన్నవాడిగా రాసి ఉన్నది అప్పిచ్చినవాడి పేరు. ఆ తేదీ ఆవిడ చేతికి రెండు లక్షలు వచ్చిన వారంలోనిది.

అసలు వాదన ఆ తర్వాత నడిచింది. రాతలో ఉన్నదాన్ని నోటిమాటతో కాదనకూడదని అతని వకీలు లేచాడు. ఆ నియమం ఉంది. పాత సాక్ష్య చట్టంలో తొంభై రెండో సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో తొంభై అయిదోది. కాని దానికి తగిలించిన మినహాయింపుల్లో మొదటిదాన్ని ప్రతి రైతూ తెలుసుకోవాలి: మోసం, బెదిరింపు, ప్రతిఫలం ముట్టకపోవడం, రాసిచ్చినవారికి అర్హత లేకపోవడం వంటివి నోటిమాటతో నిరూపించుకోవచ్చు. ఆ దస్తావేజు అసలు అమలు కోసం రాసుకున్నది కాదు, అప్పుకి భరోసాగా నామకః రాసుకున్నదని సాక్ష్యం చెప్పుకోవచ్చని గంగాబాయి కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఆ తీర్పు పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను నోరు విప్పలేను, నా మీది అక్షరాలు అబద్ధమాడుతున్నాయి. ఆవిడకి మాట్లాడే హక్కు ఉందని ఆ తీర్పు చెబుతోంది.

'పూర్తి ఇష్టంతో' అన్న వాక్యాన్ని చట్టం ఊరికే నమ్మదు. మద్రాసు హైకోర్టులో చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు వందేళ్ల నాటిది. ఆస్తిలో హక్కు వదులుకుంటూ తన సోదరుడికి రాసివ్వకపోతే ప్రాణం తీసుకుంటానని భర్త బెదిరించాడు. భార్యా కొడుకూ రాసిచ్చారు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు కాదన్నా, ఆత్మహత్య బెదిరింపు కూడా బలవంతమేనని ఇద్దరు తేల్చారు, ఆ విడుదల దస్తావేజు నిలవలేదు. ఆ కాగితం మీద కూడా ఇష్టపూర్వకంగానే అని రాసి ఉంటారని నా ఊహ. వయసు విషయంలో చట్టం ఇంకా కచ్చితం. 1903లో మోహోరీ బీబీ కేసులో లండనులోని ప్రీవీ కౌన్సిల్, మైనరు రాసిచ్చిన తనఖా మొదటి నుంచీ చెల్లనిదేనంది.

ధర సంగతి కూడా కోర్టు అడిగింది. తక్కువ ధరకి అమ్మినంత మాత్రాన ఒప్పందం చెడదు. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకి అమ్మడానికి మనసారా ఒప్పుకుంటే అది కాంట్రాక్టేనని చట్టంలోనే ఉదాహరణ ఉంది. మనసారా ఒప్పుకోలేదని అమ్మినవాడు అంటే మాత్రం, ఆ పది రూపాయల ధర అతనివైపు ఒక సాక్ష్యంగా నిలుస్తుంది. ఇదీ ఆ చట్టం రాసినవాళ్ల న్యాయబుద్ధి. బేరాల్లో వేలుపెట్టలేదు, దగాకి తలుపూ తీయలేదు.

సాక్షులిద్దరూ వచ్చారు. విక్రయ అగ్రిమెంటుకి సాక్షి సంతకాలు ఉండి తీరాలన్న నియమమే లేదు గాని, పెట్టారు కాబట్టి చెప్పాలి. వేలిముద్ర వేస్తుండగా చూశారా అని అడిగితే ఒకతను చూశానన్నాడు. ఎక్కడ అంటే లేఖరి బల్ల దగ్గర అన్నాడు. రెండోవాడు ఆవిడ ఇంటి అరుగు మీద అన్నాడు. ఆఖరికి లేఖరి బోనెక్కాడు. ఆవిడ వకీలు నన్ను అతని చేతికిచ్చి, ఆఖరి నాలుగు వరసలు ఎందుకు ఇరికించి రాశావని అడిగాడు. చోటు చాల్లేదన్నాడు. మరో కాగితం ఎందుకు కలపలేదని అడిగాడు. జవాబు లేదు. ఆమెకి చదివి వినిపించావా అని అడిగాడు. "ఆమె అక్కడ లేదండీ" అనేశాడు లేఖరి.

పొలం రిజిస్టరు చేయించమన్న కోరికను కోర్టు కొట్టేసింది. ఆవిడ తీసుకున్నానని ఒప్పుకున్న రెండు లక్షలూ, కట్టింది పోను మిగిలిన వడ్డీ అతనికి చెల్లించమంది. ఆవిడ అందుకు ఏమీ బాధపడలేదు. "తీసుకున్నది ఇవ్వనని నేనెప్పుడన్నానమ్మా?" అంది వకీలు గుమాస్తాతో. కౌలు డబ్బూ, మనవరాలి మొదటి జీతాలూ కలిపి కోర్టులో జమ కట్టింది.

నన్ను కేసు కట్టలోనే ఉంచారు. అప్పీలు గడువు తీరేదాకా ఎవరికీ తిరిగివ్వరు. ఆవిడ వెళ్తూ వెళ్తూ, ఆ కాగితం తనకిమ్మని బెంచి క్లర్కుని అడిగింది, చింపేసుకుంటానంది. కుదరదన్నాడాయన. అయితే డబ్బు జమ కట్టినట్టు రసీదైనా ఇవ్వమంది. ఇచ్చాక వెంటనే తీసుకుని వెళ్లలేదు. మనవరాలి చేతికిచ్చి, అందులో ఎంతని రాశారో, ఏ తేదీ వేశారో, ఎవరి పేరుందో పైకి చదవమంది.