ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు

స్త్రీల సమస్యల మీద పీజీ చేసిన కూతురికి ఉద్యోగం ఎక్కడొస్తుందని దిగులుపడే తల్లిదండ్రులకు కాస్త ఊరట. ఢిల్లీలో ల్యాంప్ ఫెలోషిప్ అని ఒకటుంది. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ 2010 నుంచి నడుపుతోంది. ఏ డిగ్రీ అయినా సరే, వయసు మాత్రం పాతికేళ్లు దాటకూడదు. ఎంపికైన వాళ్లను తలా ఒక ఎంపీకి అప్పగిస్తారు. వర్షాకాల సమావేశాలతో మొదలై బడ్జెట్ సమావేశాలతో ముగిసే కొలువు. సభలో అడిగే ప్రశ్నలు, జీరో అవర్ మాటలు, ప్రసంగాలకు కావలసిన లెక్కాడొక్కా అన్నీ ఈ పిల్లలే సమకూర్చాలి. లేచి నిలబడే శ్రమ మాత్రం అయ్యగారిదే.

మన పిల్ల చేరీ చేరగానే అంగన్‌వాడీ టీచర్ల మీద ప్రశ్న రాస్తుంది. (ఎ) వీళ్లకు కేంద్రం ఎంతిస్తోంది? (బి) పెంచే ఆలోచన ఉందా? (సి) ఉంటే వివరాలేమిటి? (డి) లేకుంటే కారణాలేమిటి? పదిహేను రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఆపైన లాటరీ. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20. మంత్రిగారు నోరు విప్పి జవాబు చెప్పేది వాటికే. అవైనా గంటలో నాలుగైదు తెమిలితే గొప్ప. నక్షత్రం లేనివి మరో 230. మన పిల్ల ప్రశ్న జాతకంలో నక్షత్రం లేదు. జవాబు కాగితం మీద వస్తుంది.

ఏమని? అంగన్‌వాడీ కార్యకర్తలు గౌరవ సేవకులు, కాబట్టి వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. దాన్ని 2018 అక్టోబరులో నెలకు 3,000 నుంచి 4,500కు పెంచాం. ఆపైన రాష్ట్రాలు తమ వంతు కలుపుకోవచ్చు. (బి) అలాంటి ప్రతిపాదనేదీ లేదు. (సి), (డి) ఉత్పన్నం కావు. కారణాలడిగే (డి)కి ఎప్పుడూ పురిట్లోనే సంధి కొడుతుంది.

సరే, ఆడపిల్లల భద్రత గురించి అడుగుదామా? ఆ జవాబు మొదటి వాక్యం మన పిల్లకు నెల తిరక్కుండానే కంఠతా వచ్చేస్తుంది: రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల అంశాలు. పోనీ సొంతంగా బిల్లే రాసి అయ్యగారి పేరున పెట్టిద్దామా? భేషుగ్గా. ప్రైవేటు మెంబరు బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నం కేటాయించారు, ఎంపీలు సూట్‌కేసులు సర్దుకునే వేళ. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టమైనవి 14. చివరిది 1970లో.

ఈ పిల్లల కష్టం పూర్తిగా వృథా పోతుందని మాత్రం అనను. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లు మీద ఎంత గొప్ప ప్రసంగాలు విన్నాం! ఆ బిల్లు మొదట సభ మెట్లెక్కింది 1996లో. అంటే ఆ ప్రసంగాలకు నోట్సు రాసిచ్చిన ఫెలోల కంటే బిల్లే పెద్దది, వరసకు అక్కయ్య అవుతుంది. లోక్‌సభలో అనుకూలంగా 454 ఓట్లు, వ్యతిరేకంగా రెండు. ఆ రెండూ మజ్లిస్ వారివి. వెనుకబడిన, ముస్లిం స్త్రీలకు వాటా ఏదని వాళ్ల అభ్యంతరం. అమలును మాత్రం జనాభా లెక్కలకూ, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు.

ఏడాది తిరక్కుండా ఎన్నికలొచ్చాయి. టికెట్ ఇవ్వడానికి జనాభా లెక్కలు అక్కర్లేదు, పునర్విభజనా అక్కర్లేదు. బీ ఫారం మీద పార్టీ సంతకం ఉంటే చాలు. అయినా 2019లో 78 మంది స్త్రీలు గెలిచిన లోక్‌సభకు 2024లో గెలిచింది 74 మంది. మొత్తం సీట్లు 543. ఓటేసిన 454 మందిలో ఎవరికీ నోట్సు రాసిచ్చేవాళ్లు అప్పుడు దొరకలేదు కాబోలు.

ఇంకో చిత్రం చూడండి. ఫెలోషిప్‌కు గరిష్ఠ వయసు పాతిక. లోక్‌సభకు పోటీ చేయడానికి రాజ్యాంగం పెట్టిన కనిష్ఠ వయసూ పాతికే. ఎంపీకి ప్రశ్నలు రాసిచ్చే వయసు దాటగానే ఎంపీ కాగల వయసు వచ్చి కూర్చుంటుంది. పైగా నోటీసు నమూనా, లాటరీ మర్మం, ఏడో షెడ్యూలు అన్నీ వచ్చు. ఇంతకంటే అర్హత ఎవరికుంటుందని మన పిల్ల ఫైలు పట్టుకుని పార్టీ ఆఫీసుకు వెళ్తుంది. జిల్లా అధ్యక్షులవారు ఫైలు పక్కన పెట్టి, కాఫీ తెప్పించి, ఎంతో ఆప్యాయంగా అడుగుతారు:

“ఇంతకీ మీ మావగారెవరమ్మా?”